రెండు వందల గజాల నగరం

హైదరాబాద్ నుంచి ఏ దిక్కుకు వెళ్లినా అవుటర్ రింగ్ రోడ్డు దాటాక ఒకటే దృశ్యం. నిన్నమొన్నటి దాకా పత్తో జొన్నో వేసిన చేనులో ఎర్రమొరం పోసిన దారులు, సున్నం కొట్టిన హద్దురాళ్లు, ముందొక కమాను, దాని మీద వెంచర్ పేరు. ఆదివారం పొద్దున భార్యాభర్తలు కారు దిగి రాళ్ల మధ్య నిలబడి తూర్పు ఎటుందో చూసుకుంటారు. ఈశాన్యం మూల తెగిందా, ముందు రోడ్డు ముప్పై అడుగులుందా, మెయిన్ రోడ్డు ఎంత దూరం అని అడుగుతారు. బయానా ఇస్తారు. కొన్నాళ్లకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు పడతాయి. అప్పటికి అక్కడ మంచినీళ్ల పైపు లేదు, మురుగు కాలువ లేదు, బస్సు రాదు. అయినా నగరం అటువైపు ఇంకో 200 గజాలు జరిగింది.

పట్టణాభివృద్ధిలో పౌరుల భాగస్వామ్యం అనగానే ప్లకార్డులు, వినతిపత్రాలు, హైకోర్టు వ్యాజ్యాలు గుర్తొస్తాయి. మామూలు జనం నగరాన్ని మలిచేది అంతకంటే ముందే, తమ కొనుగోళ్లతో, తమ ఇళ్లతో. ఎవరూ అడగకముందే మలిచేస్తారు. పదేళ్లకో పదిహేనేళ్లకో అదే జనం, అదే వీధిలో, అప్పుడు జరిగినదాన్ని సరిదిద్దమని గుంపుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఈ రెండింటి నడుమ, గీతలు గీస్తున్న సమయంలో, వాళ్ల మాటకు దాదాపు చోటు లేదు. హైదరాబాద్ ఇవాళ ఇలా ఎందుకుందో తెలియాలంటే ఆ ఖాళీని చూడాలి.

ముందు గజాల లెక్క. ఎకరానికి 4,840 చదరపు గజాలు. అనుమతి తీసుకుని లేఅవుట్ వేస్తే రోడ్లు పోవాలి, పది శాతం ఖాళీ జాగా పోవాలి. అమ్ముకోవడానికి మిగిలేది సగానికి కాస్త పైన. అనుమతి జోలికి వెళ్లకుండా గీసుకుంటే రోడ్డును ఇరవై అడుగులకు కుదించవచ్చు, పార్కును ఎత్తేయవచ్చు, అదే ఎకరంలో ఇంకొన్ని ప్లాట్లు పుట్టించవచ్చు. గజం ధర అందుకే తగ్గుతుంది. చిన్న జీతగాడు, ఆటో నడుపుకునే మనిషి, ఊళ్లో అరెకరం అమ్ముకుని పిల్లల చదువు కోసం వచ్చిన కుటుంబం కొనగలిగేది ఆ ధరకే. వీళ్లంతా మోసపోయారని అనుకోవడం తేలిక. చాలామంది తెలిసే కొన్నారు. ఎప్పటికైనా ప్రభుత్వం రెగ్యులరైజ్ చేస్తుందిలే అన్న నమ్మకంతో కొన్నారు.

ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో వచ్చింది. 2020లో మళ్లీ వచ్చింది. ఆ చివరిసారి రాష్ట్రమంతా కలిపి 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అన్ని లక్షల ప్లాట్లు ఒకే తీరున నిబంధన దాటాయంటే తప్పు కొన్నవాళ్ల బుద్ధిలో కంటే నిబంధనకూ జేబుకూ మధ్య ఉన్న దూరంలోనే ఎక్కువగా ఉంది. చట్టబద్ధంగా, చవకగా వంద గజాలు దొరికే దారి ఏ ప్రభుత్వమూ సరిపడా వేయలేదు. జనం తమ దారి తాము వేసుకున్నారు. ప్రభుత్వం వెనక నడిచి రసీదు ఇచ్చింది.

ఇందులో నష్టపోయింది ఎవరో కూడా చెప్పుకోవాలి. వదలాల్సిన పది శాతం ఖాళీ స్థలం వదలనందుకు 2020 పథకం కింద ప్లాటు విలువలో 14 శాతం చొప్పున వసూలు చేయాలన్నారు. డబ్బు వచ్చిన చోట కూడా పార్కు రాలేదు. అక్కడ అప్పటికే ఇళ్లు లేచాయి. ఆ కాలనీల్లో పిల్లలు ఇవాళ ఆడేది ఇంకా కట్టని ఎవరిదో ప్లాటులో. ఆ ప్లాటు యజమాని పునాది తవ్విన రోజున ఆట కూడా ఆగిపోతుంది.

ప్లాటు తర్వాత ఇల్లు. ఇల్లు నగరాన్ని మలిచే తీరు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక వీధిని దగ్గర నుంచి చూడండి. మొదట కట్టినాయన మట్టిరోడ్డుకు రెండడుగుల ఎత్తున బేస్‌మెంట్ వేశాడు. కొన్నేళ్లకు సీసీ రోడ్డు వచ్చింది. ఇంకొన్నేళ్లకు పాతదాన్ని తవ్వి తీయకుండా దాని మీదే మరో పొర పోశారు. పక్క ప్లాటువాళ్లు ఇది చూసి మూడున్నర అడుగులు లేపారు. ఎదురింటివాళ్లు అంతకంటే లేపారు. కారు లోపలికి ఎక్కాలని గేటు ముందు ర్యాంపు కట్టారు, ఆ ర్యాంపు పక్కకాలువ మీద పడింది. ప్రతి ఇంటికీ ఒక ర్యాంపు, ప్రతి ర్యాంపు కింద పూడుకుపోయిన మూరెడు కాలువ. వాన పడితే నీళ్లకు పోయే దారి లేక అన్నిటికంటే ముందు కట్టిన ఇంటి వాకిట్లోకి దిగుతాయి. ఆ ఇంటి ముసలాయన మెట్లు దిగి లోపలికి వెళ్లాల్సి వస్తోంది, ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకే. ఆ వీధిలో ఎవరూ అక్కడ వరద తేవాలనుకోలేదు. ఎవరి గడప వాళ్లు కాపాడుకున్నారు, అంతే.

తెలంగాణలో 2020 నుంచి అమల్లో ఉన్న భవన అనుమతుల చట్టం ఈ బాధ్యతను ఇంకొంచెం ఇంటివాళ్ల మీదే పెట్టింది. 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే సొంత ధ్రువీకరణ మీద అనుమతి వచ్చేస్తుంది. లంచాల బెడద తగ్గించడానికి ఇది మంచి మార్పే. కానీ సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీ జాగా, ఎంత వదలాలి, వాననీటి గుంత తవ్వాలా వద్దా అన్నవి ఇప్పుడు చాలావరకు ఇంటాయన, మేస్త్రీ కలిసి తేల్చుకునే సంగతులు. చదరపు అడుగుకు కిరాయి వచ్చే కాలంలో ఖాళీగా వదిలే మూడడుగులు చాలామందికి బరువుగానే తోస్తాయి.

దీని ఖరీదు 2020 అక్టోబరులో తెలిసింది. 13వ తేదీన ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన కురిసింది. అదే నెలలో బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది. మునిగిన కాలనీల్లో చాలా చోట్ల ఒకటే కథ వినిపించింది: ఎండాకాలంలో చూసి కొన్న ప్లాటు. చెరువు శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, ఏడెనిమిది నెలలు ఎండి చేనులా ఉంటుంది. నిండు నీటిమట్టం ఎక్కడిదాకా వస్తుందో సూచించే రాళ్లు ఉండవు, ఉన్నా పీకేసి ఉంటాయి. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, ఇంటిపన్ను కడుతున్నారు, బ్యాంకు అప్పు కూడా ఇచ్చింది. ఇన్ని ప్రభుత్వ కాగితాలు చేతికి వచ్చాక అది చెరువని కొన్నవాళ్లకు ఎవరు చెప్పాలి? వాళ్లను ఆక్రమణదారులనడం అన్యాయం. అలాగని ఆ ఇళ్ల వల్ల నీళ్లు పక్క బస్తీలోకి వెళ్లాయన్నదీ నిజం. ఈ రెండు నిజాలనూ ఒకేసారి పట్టుకోగలిగితేనే ఈ విషయంలో ఎవరితోనైనా న్యాయంగా మాట్లాడగలం.

కాలనీ సంక్షేమ సంఘం ఇలాంటి కష్టంలోంచే పుడుతుంది. సాధారణంగా మొదటి సమస్య నీళ్లు. బోర్లు ఎండుతాయి, ట్యాంకర్ల ఖర్చు పెరుగుతుంది, ఒక సాయంత్రం ఎవరో ఒకరి ఇంటి ముందు కుర్చీలు వేస్తారు. ఏడుగురుంటే సంఘాన్ని సొసైటీగా రిజిస్టరు చేసుకోవచ్చు. రిటైరైన ఉద్యోగి ఒకాయన కార్యదర్శి అవుతాడు; ఆఫీసు భాష ఆయనకే వచ్చు, ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో ఆయనకే తెలుసు. ఇంటికింతని చందా. మొదటి వినతిపత్రం, కార్పొరేటర్‌తో మొదటి ఫోటో. హైదరాబాద్ శివార్లలోని అంతర్గత రోడ్లు, వీధి దీపాలు, మురుగు లైన్లలో చాలా వాటి వెనక ఇలాంటి సంఘాల కాళ్లరిగిన చరిత్ర ఉంది. ఎవరి దగ్గర చెప్పులు అరిగేలా తిరిగే మనిషి ఉన్నాడో ఆ కాలనీకి లైను ముందు వస్తుంది. వీధి అవసరం కంటే కార్యదర్శి ఓపిక వరస తేల్చడం న్యాయం కాదు. కానీ నగరం పనిచేసే తీరు ఇప్పటికి అదే.

సంఘం దగ్గర ఉండే అతి విలువైన వస్తువు పాత లేఅవుట్ కాపీ. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించిన కాగితం. దాని మీద ఒక మూల పచ్చటి గడి, అందులో పార్కు అన్న మాట. కాలనీ నిండి గజం ధర లక్ష దాటే వేళకు ఆ గడిని ఎవరో ప్లాట్లుగా చేసి అమ్మే ప్రయత్నం చేస్తారు. అప్పుడా కాగితమే సాక్ష్యం. చెరువులు, ప్రభుత్వ స్థలాల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024 జులైలో ఏర్పడ్డాక, సోమవారం ప్రజావాణిలో కాలనీవాసులు పట్టుకొచ్చే ఫిర్యాదుల్లో పార్కులు, రోడ్ల కబ్జాల మీదివే పెద్ద వాటా. కాగితాన్ని ముప్పై ఏళ్లు బీరువాలో దాచిన ఒక మనిషి వల్ల కాలనీకి ఒక పార్కు మిగిలిన సందర్భాలున్నాయి. కాగితమే లేని కాలనీలకు, అంటే పార్కు వదలకుండా వేసిన వెంచర్లకు, ఆ పోరాటమే లేదు.

బస్తీల దారి వేరు. అక్కడ లేఅవుట్ ఉండదు, సేల్‌డీడ్ ఉండదు. గుడిసె, తర్వాత రేషన్ కార్డు, తర్వాత ఓటరు కార్డు, తర్వాత కరెంటు మీటరు. ఒక్కో కాగితం సంపాదించుకుంటూ కాలి కింద నేలను గట్టిచేసుకుంటారు. 2014 చివర తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 58 ప్రభుత్వ స్థలంలో ఉంటున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరణ ఇస్తామన్నప్పుడు కరెంటు బిల్లు లాంటి ఈ కాగితాలే ఆధారాలయ్యాయి. ఇంట్లో బల్బు వెలగడానికి తీసుకున్న మీటరు ఇంటికే హక్కు తెచ్చిపెట్టింది.

ఇక, అడగాల్సిన సమయంలో అడిగే పద్ధతి సంగతి. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలుండాలని అది చెప్పింది. స్థానిక సంస్థలకు ఇవ్వదగిన 18 పనుల జాబితాలో మొదటిదిగా పట్టణ ప్రణాళికను రాసింది. హైదరాబాద్‌లో మాస్టర్ ప్లాన్ చేసేది ఎన్నికైన నగరపాలక సంస్థ కాదు, 2008లో ఏర్పడిన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, హెచ్‌ఎండీఏ. 150 వార్డులతో జరిగిన 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓటర్లలో సగం మంది కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. దీన్ని జనం బద్ధకమని తిట్టేవాళ్లున్నారు. కార్పొరేటర్ చేతిలో రోడ్డు గీత లేదు, భూవినియోగం లేదు, నీటి బోర్డు లేదు. అధికారం లేని కుర్చీ కోసం క్యూలో నిలబడటానికి జనం ఉత్సాహపడకపోవడంలో వింత లేదు.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలన్న నియమం మాత్రం ఉంది. పత్రికలో చిన్న ప్రకటన, ఒక గడువు, ఆఫీసులో తగిలించిన పటం. ఆ పటంలో ఊదా రంగు పరిశ్రమలకు, పచ్చరంగు సేద్యానికి అని తెలిసినవాడికి తప్ప మిగతావాళ్లకు అది రంగుల కాగితమే. సర్వే నంబరు వెతుక్కుని, తన పొలం మీద నుంచి వంద అడుగుల రోడ్డు వెళ్తోందని ఒక రైతు గుర్తించే వేళకు గడువు సగం అయిపోతుంది.

కామారెడ్డిలో 2023 జనవరిలో జరిగిందిదే. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ సాగుభూములను పారిశ్రామిక జోన్‌లో చూపించారని చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఉద్యమించారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. కలెక్టరేట్ ముట్టడి, బంద్, అరెస్టులు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలో కూడా ముసాయిదా వెనక్కి వెళ్లింది. రైతులు గెలిచారని అందరూ రాశారు. గెలిచిన మాట నిజమే. కానీ పటం గీయకముందు ఆ ఊళ్లలో నాలుగు సాయంత్రాలు కూర్చుని, ఏ నేల మీద ఏం రాబోతుందో తెలుగులో, సర్వే నంబర్లతో వివరించి ఉంటే ఆ మనిషి బతికి ఉండేవాడేమో. అభ్యంతరం చెప్పే హక్కు కాగితం మీద ఉండటం వేరు, ఆ కాగితం చదవగలగడం వేరు.

ఆఫీసు తలుపు తెరుచుకోని చోట జనం కోర్టు మెట్లెక్కారు. 2016లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం వేల చెట్లకు ముప్పు వచ్చినప్పుడు, పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లు చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడ్డారు. జాతీయ హరిత ట్రైబ్యునల్ స్టే వచ్చింది, పనులు ఆగాయి. 2020లో పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని కొన్నిచోట్ల 3 మీటర్లకే కుదించారు. ఆ తర్వాత ఫ్లైఓవర్ల ప్రతిపాదన మళ్లీ బల్ల మీదికి వచ్చింది. 2025 ఏప్రిల్ 3న హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించడానికి ముందు, ఆ రాత్రుల్లో బుల్డోజర్ల చప్పుడు రికార్డు చేసి బయటపెట్టింది విద్యార్థులు, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్లు. కోర్టు ఆపగలదు. మరి ఎక్కడ కట్టాలో, ఎలా కట్టాలో గీసి ఇవ్వలేదు. ఇలాంటి విజయాలు ఎప్పుడూ తాత్కాలికంగానే మిగలడానికి కారణం అదే.

ఇందుకు భిన్నంగా ఒక్కటి జరిగింది చేవెళ్ల దారిలో. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల జాతీయ రహదారి విస్తరణకు అడ్డంగా సుమారు 900 మర్రిచెట్లు. వాటిని కాపాడాలనుకున్నవాళ్లు నినాదాలతో ఆగలేదు. చెట్టు చెట్టు దగ్గరికీ వెళ్లి కొలిచి, అది ఉన్న చోటు నమోదు చేసి, లెక్క తయారుచేశారు. ట్రైబ్యునల్ ముందు ఆ లెక్క నిలబడింది. 2025కు రోడ్డు గీతే మారింది, ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉండేలా. రోడ్డు వద్దని వీళ్లు అనలేదు. ఆ దారిలో ప్రమాదాల్లో పోయిన ప్రాణాల కుటుంబాలు రోడ్డు త్వరగా వేయమని అడుగుతూనే ఉన్నాయి. వాళ్ల మాటా తీసిపారేసేది కాదు. ఫలానా చెట్టు ఫలానా చోట ఉంది, గీతను ఇటు జరపండి అనగలిగే స్థాయికి పౌరులు చేరినప్పుడు ఇంజినీరుకు బదులు చెప్పక తప్పలేదు.

జనం అంటే ఒకే గొంతు అనుకుంటే జీవో 111 దగ్గర ఆ ఊహ విరిగిపోతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టారు. జలాశయాలు బతకాలన్నది నగరవాసుల కోరిక. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే మా ఊరికే ఈ శిక్ష ఏమిటన్నది ఆ ఊళ్లవాళ్ల ప్రశ్న. నగరం తాగే నీటి కోసం పాతికేళ్లు తమ భూమి విలువ వదులుకున్నవాళ్లకు నగరం ఏ పరిహారమూ ఇవ్వలేదు. 2022లో ప్రభుత్వం ఆ జీవో ఆంక్షలను ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. జలాశయాలకు జరగబోయే నష్టం మీద ఆందోళన నూరు శాతం సబబు. కానీ ఆ ఊళ్లవాళ్లతో బేరం కుదుర్చుకోకుండా, వాళ్ల త్యాగాన్ని ఉచితంగా తీసుకున్నందువల్లే ఆ రక్షణ నిలబడలేదని కూడా ఒప్పుకోవాలి.

ఇంతమంది మాట్లాడుతున్న ఈ నగరంలో అసలు గొంతు లేనివాళ్లు కిరాయిదారులు. సంఘంలో సభ్యత్వం సాధారణంగా ఇంటి యజమానికి. మీటింగు కబురు యజమానికి. లోతట్టు వీధిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో చౌకగా అద్దెకుండేది, వాన వస్తే బియ్యం బస్తా మంచమెక్కించేది కిరాయి కుటుంబం. కాలువ మీద ర్యాంపు తీసేయాలా అన్న చర్చలో ఆ కుటుంబం ఉండదు. నీళ్లు ఏ మూల నుంచి వస్తాయో వీధిలో అందరికంటే బాగా తెలిసింది వాళ్లకే. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉన్నవాళ్లు ఊరికి చెందరన్న ఈ అలవాటు మారనంత కాలం సంఘాల మాట ప్లాటుకు మేలు చేసినంతగా వీధికి చేయదు.

అంబర్‌పేటలో బతుకమ్మకుంట ఉంది. 1962-63 లెక్కల్లో 14 ఎకరాలు. చాలా ఏళ్ల పాటు అది చెత్త, కూల్చిన ఇళ్ల శిథిలాలు, ముళ్లపొదలతో నిండిన మిట్ట. కుంట ఉన్నదన్న గుర్తు పేరులోనే మిగిలింది. ఇక్కడ ఒకప్పుడు బతుకమ్మలు వేసేవాళ్లమని పెద్దలు చెబుతూ వచ్చారు. ఇది ప్రైవేటు భూమి అన్న వాదన కోర్టుల దాకా వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో హైడ్రా తవ్వకం మొదలుపెడితే, కొద్ది లోతులోనే నీళ్లు ఉబికి పైకి వచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబరు చివర, బతుకమ్మ పండుగ రోజుల్లో, ఆడవాళ్లు మళ్లీ ఆ నీటి ఒడ్డున ఆడి, పూలను అందులో వదిలారు. ఇప్పుడు ఆ కుంట విస్తీర్ణం ఐదెకరాల చిల్లర. మిగతా తొమ్మిదెకరాల వైపు ఇళ్లున్నాయి. వాటి జోలికి వెళ్లబోమని అధికారులు ముందే మాటిచ్చారు. పండుగ రోజు ఆ ఇళ్ల డాబాల మీద నిలబడి జనం కుంటను చూశారు.